రెండో గాలి

మొన్న మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్, ఎక్కడ సంపాదించాడో ఎందుకు దాచుకున్నాడో గానీ, వానకు నానిపోయిన ఒక పాత కొబ్బరితాడును మెట్ల కమ్మీకి ఆరేశాడు. లిఫ్టు చెడిపోయిన రోజు గనక నేను మోకాళ్ళను తిట్టుకుంటూ మెట్లు దిగుతున్నాను. తడిసిన పీచు వాసన ముక్కుకు తగలగానే, ఎనభై దాటిన ఆ మోకాళ్ళు ఉన్నచోటనే ఆగిపోయాయి. వాచ్‌మన్ భార్య కంగారుపడి కుర్చీ తెచ్చి వేసి, "ఏమైందమ్మా?" అంది. ఏమీ కాలేదు. నాకు నాంపల్లి గుర్తొచ్చింది, అంతే.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉండేవాళ్ళం. నిజాం రాజ్యం రోజులు. పొద్దున్నే రైలింజన్ల బొగ్గుపొగ, దాని వెనకాల ఇరానీ హోటల్‌లో మరుగుతున్న చాయ్ వాసన, దాని వెనకాల టాంగా గుర్రాల పచ్చిగడ్డి వాసన వరసగా మా వాకిట్లోకి వచ్చేవి. వాన కాలంలో సందు మొదట్లో ఒక ముసలాయన కుంపటి పెట్టుకుని మక్కకంకులు కాల్చేవాడు. ఆ వాన వెనకబట్టగానే గంపల్లో సీతాఫలాలు దిగేవి, ఏది మెత్తబడిందో వేలితో నొక్కి చూసి తిట్లు తినడం మాకు అదనపు సుఖం. శుక్రవారం సెలవుపూట బాపు నన్ను అబిడ్స్‌కు నడిపించుకుపోయేవాడు. అద్దాల దుకాణాల్లో మేం కొనేదేమీ ఉండేది కాదు. చూసి, ఒక దుకాణం ముందు మరీ ఎక్కువసేపు చూసి, తిరిగొచ్చేవాళ్ళం. చూడడానికి కిరాయి లేదు కదా అనేవాడు బాపు.

మా ఇల్లంటే ఒక చిన్న వాకిలి, దాని చుట్టూ రెండు వాటాలు. మట్టిగోడలకు సున్నం పూత, పైన గూన పెంకులు. పెద్ద వాటాలో బాపు, అమ్మ, నాయనమ్మ, నేను. చిన్న వాటాలో కిరాయికి ఒక మిషన్ బడి పంతులు, వాళ్ళమ్మ. ఆయన బందరు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఉద్యోగానికి వచ్చాడు. తండ్రి పోయాక తల్లిని తెచ్చుకున్నాడు. ఆమెను మేమంతా బందరు మామ్మ అనేవాళ్ళం. తెల్లచీర, దారంతో కట్టుకున్న కళ్ళజోడు, ఆదివారం పూట గొడుగు చంకలో పెట్టుకుని చర్చికి పోయే నడక. ఆమె మొదటిరోజు టాంగా దిగినప్పుడు వెంట ఒక ట్రంకుపెట్టె, ఒక బైబిలు, మూడు బారల కొబ్బరితాడు ఉన్నాయి. సామాను లోపల పెట్టక ముందే, ఇంటికి మధ్య గుంజ ఏదని అడిగింది. మట్టిగోడల ఇళ్ళకు మధ్య గుంజ ఏముంటుంది? ఆఖరుకు వసారాలో ఉన్న కర్రస్తంభాన్ని ఊపి చూసి, పెదవి విరిచి, దానికే తాడు చుట్టి ముడివేసింది. ఒక గుడ్డలో అటుకుల మూట కట్టి దూలానికి వేలాడదీసింది. సముద్రం నుంచి అంత దూరంలో కూడా ఆమె ఆ రెండూ లేని ఇంట్లో నిద్రపోయేది కాదు. ఆ అటుకులు మాకెవరికీ పెట్టేది కాదు గనక, వాటంత రుచైనవి లోకంలో ఇంకెక్కడా లేవని మేం నమ్మేవాళ్ళం.

మిగతా ముసలివాళ్ళ దగ్గర రాజులు రాకుమార్తెల కథలుంటే, మామ్మ దగ్గర ఆపదల కథలుండేవి. వాళ్ళమ్మ పసిపిల్లగా ఉన్నప్పుడు బందరు ఉప్పెన వస్తే, వాళ్ళ తాత పంచె చింపి పిల్లను తాడిచెట్టుకు కట్టేశాడట. తెల్లారి చూస్తే చింతచెట్టు కొమ్మల్లో పడవ చిక్కుకుని ఉందట. ఒకసారి రేవు దాటుతున్న బల్లకట్టులో జనం, ఒడ్డున పెళ్ళివారి బాణసంచా చూద్దామని అందరూ ఒక్క పక్కకే ఒరిగారట. ఒక ఎండాకాలం ఎవరో ఆరిందనుకుని పారేసిన చుట్టపీకతో తాటాకిళ్ళ వాడ వాడంతా మధ్యాహ్నం భోజనాల వేళకు బూడిదైందట. ఇతరుల కథల చివర నీతి ఉంటుంది. మామ్మ కథ చివర జాగ్రత్త ఉండేది. పడవలో ఎవరు పిలిచినా కదలకూడదు. నిప్పంటుకుంటే నీళ్ళకోసం పరిగెత్తేలోపు పక్కింటి చూరు పీకెయ్యాలి. మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. మా సందులో తాటాకిల్లూ లేదు, పడవా లేదు. అయినా ఇప్పటికీ నేను పడవెక్కితే కొయ్యబొమ్మలా కూర్చుంటాను.

ఇదంతా మా నాయనమ్మకు గిట్టేది కాదు. ఎందుకంటే ఆపద విషయంలో ఆ సందుకు ఆవిడే పెద్దదిక్కు. మూసీ వరద వచ్చిననాడు ఆవిడ అఫ్జల్‌గంజ్‌లో కాపురం ఉండేది. గంట గంటకూ నీళ్ళు మెట్టు మెట్టుగా ఎట్లా ఎక్కాయో, ఎవరో షావుకారు మేడ మీద ఎంతమంది నిలబడ్డారో, చాదర్‌ఘాట్ వంతెన మీద నుంచి నీళ్ళు ఎట్లా పోయాయో చెబుతుంటే, పాలవాడు కూడా చెంబు దించి వినేవాడు. ఏటా భాద్రపదంలో ఒక రోజు చాదర్‌ఘాట్‌కు నడిచిపోయి, మూసీలో పసుపు కుంకుమ, నానబెట్టిన బియ్యం, బెల్లం ముక్క వదిలి, "ఇగ చాలు తల్లీ" అని దండం పెట్టి వచ్చేది. అట్లాంటి మనిషి ఇంట్లోకి ఇంకొకావిడ ఏకంగా సముద్రాన్ని వెంటబెట్టుకొస్తే ఊరుకుంటుందా?

మధ్యాహ్నం పూట ఇద్దరూ ఇంటిముందు గద్దె మీద చెరోవైపు కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ పోటీ మొదలుపెట్టేవాళ్ళు.

"మూసీ అంటే మొన్న వంతెన మీంచి చూశాను, అదేగా?" అనేది మామ్మ అమాయకంగా. "మా ఊళ్ళో పంటకాలవ ఇంకాస్త వెడల్పే."

"ఔ, నీ సముద్రం పెద్దదే," అనేది నాయనమ్మ చేటను టపటపా కొట్టి. "తాగనీకి చుక్క పనికిరాదు, ముంచనీకి మాత్రం ముందుంటది!"

తిట్టుకున్నట్టే ఉండేది గానీ, ఒకరోజు మామ్మకు జలుబు చేసి బయటికి రాకపోతే, నాయనమ్మ చేటలో బియ్యం అట్లాగే పెట్టుకుని ఆ వాటా వైపు చూస్తూ కూర్చుంది. అయినా మామ్మ ఇంటి నీళ్ళు మాత్రం తాగేది కాదు. మరీ మడి అని కాదు గానీ, పాతకాలపు పట్టింపు. మామ్మ అదేమీ పట్టించుకోకుండా పండుగలకు అరటిపళ్ళు, కొబ్బరికాయలు పంపేది, వాటికి అంటు లేదు కనక. ఇక పిల్లలం రెండు పార్టీలుగా విడిపోయి ఆడేవాళ్ళం: సందంతా నీళ్ళు, గద్దె ఒడ్డు. మూసీ పార్టీ వాళ్ళు మెట్లెక్కాలి, సముద్రం పార్టీ వాళ్ళు స్తంభం పట్టుకోవాలి. నేను రక్తసంబంధం చేత మూసీ పార్టీ.

అప్పుడు మా ఇంట్లో పెంటయ్య పుట్టాడు. నా తర్వాత అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టి, ఏడాది నిండకుండానే పోయారు. అందుకని వీడు పుట్టగానే నాయనమ్మ వాణ్ణి చేటలో పెట్టి, సందు చివర పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డను ఏరుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి, ఆ పేరు పెట్టింది. విలువలేని వస్తువని మృత్యువు వదిలేస్తుందని మా వైపు నమ్మకం. పేరుకే పెంటయ్య; ఆ ఇంట్లో వాడి తుమ్ముకు నలుగురు లేచేవాళ్ళు. అమ్మ వాణ్ణి కింద పెట్టేది కాదు. మామ్మ రోజూ వచ్చి, ముట్టుకోకుండా, దూరం నుంచి ప్రార్థన చేసి పోయేది. ఆ పిల్లవాడు బతకాలి. ఇంతకు మించి మా ఇంట్లో ఎవరికీ ఏ కోరికా ఉండేది కాదు ఆ సంవత్సరం.

వాడికి మూడోనెల నడుస్తుండగా, బతుకమ్మ పూలకు ఇంకా వారం రోజులుందనగా, ముసురు పట్టింది. మొదటిరోజు పండుగలాగే ఉంది, అమ్మ పకోడీలు వేసింది. రెండోరోజు పెంకుల సందుల్లో నుంచి కారడం మొదలై, ఇంట్లో గిన్నెలన్నీ నేలమీదికి వచ్చాయి, వంట చేయడానికి గిన్నె మిగల్లేదు. మూడోనాడు పొద్దున గాలి కూడా తోడై పెంకులు రెండు ఎగిరిపడ్డాయి. నాయనమ్మ గుమ్మంలో నిలబడి మూసీ దిక్కుకే చూస్తోంది. గండిపేట చెరువు కట్టినంక మూసీ ఊరిమీదికి ఎట్లొస్తదమ్మా అని నచ్చజెప్పి, బాపు గొడుగేసుకుని దఫ్తరుకు పోయాడు. నాయనమ్మ ఆయన సందు మలుపు తిరిగేదాకా ఊరుకుని, "వాడు చెప్తే ఏంది, మూసీ ఇన్నదా?" అని బొంతలు సర్దడం మొదలుపెట్టింది.

సందుకు అవతల ఒక పాత దేవిడీ ఉండేది. నవాబులు ఎప్పుడో ఖాళీ చేసినా, దాని రాతిస్తంభాల కమాను మాత్రం చెక్కుచెదరకుండా ఉండేది, పక్కన మేడ మీదికి రాతిమెట్లతో. అక్కడికి పోదామని నాయనమ్మ అంది. ఆశ్చర్యంగా మామ్మ కూడా వెంటనే సరేనంది. ఆ ఇద్దరూ ఒకే మాట మీద నిలబడడం నేను చూడడం అదే మొదలు. తర్వాత అర్థమైంది: నాయనమ్మ కన్ను మెట్ల మీద, మామ్మ కన్ను స్తంభం మీద. పంతులుగారు కూడా బడికి పోయారు గనక మేం అయిదుగురమే, నలుగురు ఆడవాళ్ళం, ఒక పెంటయ్య, తడుస్తూ సందు దాటి కమాను కింద చేరాం. మామ్మ తాడూ, అటుకుల మూటా మరిచిపోలేదు.

పగలు సగమైంది. ఉన్నట్టుండి, ఎవరో పైన పందిరి తీసేసినట్టు, వాన ఆగిపోయింది. గాలి పడిపోయింది. తడిసిన సందంతా ఎండ పరుచుకుంది, గోడలు ఆవిర్లు కక్కుతున్నాయి, పిచ్చుకలు అరుస్తున్నాయి, ముసలాయన మళ్ళీ కుంపటి ఊదుకుంటున్నాడు. నా పేగులు అరుస్తున్నాయి. "మూసీ రాలే, దండాలు తల్లీ. పదుండ్రి," అంది నాయనమ్మ. పిల్లవాడు చలికి సన్నగా వణుకుతున్నాడు. ఇంట్లోకి తీసుకుపోయి, పొడిబట్టలో చుట్టి, సాంబ్రాణి పొగ వేసి, ఉయ్యాలలో పడుకోబెట్టాలని అమ్మ తొందరపడుతోంది.

మామ్మ కమానుకు అడ్డంగా నిలబడింది.

"వెళ్ళకూడదమ్మా. తుఫానుకి రెండు గాలులు. ఒకటి వెళ్ళింది. ఇలాగే ఎండకాసి నమ్మిస్తుంది. రెండోది అటు దిక్కు నుంచొస్తుంది, అదే అసలుది."

"గిది బందరు గాదమ్మా, నాంపల్లి," అంది నాయనమ్మ. "పోరడు సలికి సస్తుండు. జర పక్కకు జరుగు."

మామ్మ జరగలేదు. నాకు ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆకలి మీద ఉన్న పిల్లలకు ముసలివాళ్ళ భయాలు అర్థం కావు. కోపం ఇంకా చల్లారక ముందే ఆవిడ, ఇన్నాళ్ళూ పిల్లవాణ్ణి ఎన్నడూ తాకని మనిషి, అమ్మ చేతుల్లోంచి వాణ్ణి అందుకుని, తన కొంగు పొడిగా ఉన్న వైపుతో చుట్టి, స్తంభానికి ఆనుకుని కూర్చుని, తాడును తనచుట్టూ స్తంభంచుట్టూ రెండు వరసలు తిప్పేసింది. అమ్మ ఏడ్చింది. నాయనమ్మ కేకలు వేసింది. ఇళ్ళలో నుంచి జనం వచ్చారు, ఎండలో తాడు కట్టుకుని కూర్చున్న ముసలమ్మను చూసి ఒకరిద్దరు నవ్వారు కూడా.

"నా మనుమణ్ణి నాకియ్యి!"

"ఇవ్వను," అంది మామ్మ. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు. "మా తమ్ముడికి పదేళ్ళు. గాలాగింది, ఎండొచ్చింది. కొబ్బరికాయలు రాలుంటాయిరా, ఏరుకురా అని పంపింది ఎవరనుకున్నావు? నేనే. మా అమ్మ కాదు, నేనే."

అన్ని ఆపదలు చెప్పిన మనిషి, ఆ ఒక్కటి ఎప్పుడూ చెప్పలేదు. నవ్వినవాళ్ళు నవ్వు ఆపారు. నాయనమ్మ చాచిన చేతులు దించుకుంది. ఆవిడకూ ఒకటి దాచిపెట్టుకున్నది ఉందని నాకు అప్పుడు తెలియదు. పెద్దదాన్నయ్యాక బాపు చెప్పాడు: మూసీ వరదలో షావుకారు మేడమెట్ల మీద జనం తొక్కిడిలో ఆవిడ చంకలోంచి బాపుకు అన్న కావలసిన పిల్లవాడు జారిపోయాడట. ఆ మెట్ల కథ మాకు వందసార్లు చెప్పింది, ఆ పిల్లవాడి సంగతి మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు.

నాయనమ్మ మెల్లగా వంగి, మామ్మ పక్కన నేలమీద కూర్చుంది. "కూసో బిడ్డా," అంది మా అమ్మతో. "బువ్వ జర ఆలస్యమైతే ఏం గాదు."

"ఎంతసేపు?" అన్నాను నేను ఏడుపుగొంతుతో.

"ఆమె చెప్పిందాంక."

అట్లా కూర్చున్నాం. అమ్మ మామ్మ ఒళ్ళోనే పిల్లవాడికి పాలు పట్టింది. మామ్మ మూట విప్పి అటుకులు అందరికీ పంచింది. అవి ముక్కవాసన వేస్తున్నాయి, పైగా ఉప్పు లేదు. ఇన్నేళ్ళు నేను నోరూరించుకున్నది వీటికోసమా అని నాకు ఎక్కడలేని దుఃఖం వచ్చింది. నాయనమ్మ నాలుగు గింజలు నమిలి, గొంతు పట్టి దగ్గితే, మామ్మ తన మరచెంబు ముందుకు జరిపింది. జరిపి, గుర్తొచ్చి వెనక్కి తీసుకోబోయింది. నాయనమ్మ ఆ చెంబును అందుకుని ఎత్తి గటగటా తాగేసి, మూతి తుడుచుకుంది.

ఎండ బాగా వాలింది. ఏ దిక్కు నుంచీ ఏ గాలీ రాలేదు. ఎదురింటి వేపచెట్టు ఆకు కూడా కదలడం లేదు. మామ్మ ముఖం మెల్లమెల్లగా వాడిపోతోంది, పొరపాటు పడ్డానేమో అన్నట్టు ఆకాశం నాలుగు మూలలా వెతుకుతోంది. అప్పుడు మా ఇంటి వైపు ఏదో పెద్దమూట కిందపడినట్టు చప్పుడైంది. వానకు నాని నిండు బొజ్జలా ఉబ్బిన వెనకగోడ ఒక్కసారిగా కూర్చుండిపోయింది. దాని వెంట దూలం, దూలం వెంట పెంకులు. దుమ్ము తగ్గాక చూస్తే, పెంటయ్య ఉయ్యాల వేలాడే చోట మోకాలెత్తు మట్టి, దానికి అడ్డంగా దూలం.

మట్టిగోడ వానలో నిలబడి, వాన వెలిసి ఎండ తగిలాక కూలుతుందని హైదరాబాదులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాయనమ్మకు ఇంకా బాగా తెలుసు. ఆ మాట మాకు నేర్పిందే ఆవిడ. ఆ రోజు మూసీ వైపే చూస్తూ, వీపు వెనకున్న గోడను మరిచిపోయింది. మామ్మ సముద్రం కోసం చూస్తూ, ఆ గోడ సంగతి తెలియకనే మమ్మల్ని ఆపింది. ఇద్దరి లెక్కా తప్పే. మధ్యలో పిల్లవాడు మాత్రం బతికాడు.

జనం గుమిగూడారు. ఎవరో పెద్దమనిషి, "ఎండకు గోడ ఇచ్చుకపోయింది, గాలి గీలి ఏం లేదు," అని తీర్పు చెప్పబోయాడు. మామ్మ తాడు విప్పుకుంటూ, తప్పుచేసిన పిల్లలా నాయనమ్మ వైపు చూసింది.

"ఎట్ల లేదు గాలి?" అని నాయనమ్మ ఆ పెద్దమనిషి మీదికి లేచింది. "అటుదిక్కుకెల్లి గాలి ఒక్కటే ఊపు గొట్టింది, గోడ పడ్డది. నేను చూసిన. ఈమె చెప్పినట్టే అయింది."

"ఆకు కూడా కదల్లేదు కద నాయనమ్మా," అన్నాను నేను. ఆవిడ నా తొడ మీద గిల్లిన గిల్లుడు రెండ్రోజులు నల్లగా ఉంది. జనం ముఖాలు చూసుకుని, ఔ, ఔ, గాలే అన్నారు. మామ్మ అప్పుడు పిల్లవాణ్ణి అమ్మకిచ్చి, రెండు చేతులతో ముఖం కప్పుకుని, చాలాసేపు ఏడ్చింది. అది మా కోసం ఏడ్చిన ఏడుపు కాదని, ఎన్నో ఏళ్ళ కిందట ఎండలో కొబ్బరికాయలు ఏరడానికి పోయిన ఒక పిల్లవాడిని ఆ రోజు ఆవిడ వెనక్కి పిలుచుకుందని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

గోడ మళ్ళీ కట్టేదాకా మేం వాళ్ళ చిన్న వాటాలోనే సర్దుకున్నాం. ఆ ఏడు బతుకమ్మను మామ్మ వసారాలోనే పేర్చాం. తంగేడు పూలు అందిస్తూ ఆవిడ కూర్చుంది. పోటీ మానలేదు, కానీ గద్దె మీద మధ్యలో చోటు మిగిలేది కాదు, ఇద్దరూ ఆనుకుని కూర్చునేవాళ్ళు. చివరిదాకా మామ్మ ఆ మధ్యాహ్నం రెండో గాలి వచ్చిందనే నమ్మింది. నాయనమ్మ ఆ మాటను, తన మూసీ కథకంటే ముందు, వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఇప్పుడా సందులో లాడ్జీలు, మోటారు సైకిళ్ళు. దేవిడీ కమానును ఎప్పుడు కొట్టేశారో చూసినవాళ్ళు లేరు. మట్టిగోడ అంటే ఏమిటో మా ఇంట్లో పిల్లలకు బొమ్మ గీసి చూపించాల్సి వస్తోంది. పోయినవాటిలో నాకు ఎక్కువ లోటనిపించేది గోడలూ కమానులూ కాదు. పక్కింటావిడ మాట నిలబెట్టడానికి నలుగురిలో తన కళ్ళనే అబద్ధం చేసుకునే మనుషులు పోయారు.

పెంటయ్యకు డెబ్బై దాటాయి. బడిలో వేసేటప్పుడు మార్చిన మంచి పేరు కాగితాల మీదే ఉంది. వాన పడినప్పుడల్లా మనవలను కూర్చోబెట్టుకుని తన కథ తానే చెబుతాడు, ఊళ్ళు లేచిపోయేంత గాలి పెట్టి, నోటితో హోరు చేసి మరీ. అప్పుడు ఆకు కదల్లేదని తెలిసినవాళ్ళు అందరూ పోయి నేనొక్కదాన్నే మిగిలాను. పోయిన ఆదివారం వాడి చిన్న మనవరాలు, తొమ్మిదేళ్ళది, లెక్కల్లో గట్టిది, తాత మాట నమ్మకుండా నా దగ్గరికి వచ్చింది. "హైదరాబాద్‌లో సముద్రమే లేదు కదా. నువ్వక్కడే ఉన్నావు కదా. నిజం చెప్పు, గాలి వచ్చిందా?"

వాడు కుర్చీలోంచి నావైపు చూస్తున్నాడు.

"వచ్చింది బిడ్డా," అన్నాను. "నేను చూసిన."